టోక్యో నిహోంబషిలో అరపూట వృథా అయింది, అమ్మానాన్నలను తీసుకువెళ్లవచ్చా?

గోదారిగట్టు
ఆఫీసు పని మీద ఆరు రోజులు టోక్యోలో ఉండి, దొరికిన ఒక్క ఖాళీ మధ్యాహ్నాన్ని నిహోంబషికి కేటాయించాను. షోగన్లు అనే సైనిక పాలకులు ఏలిన ఎడో కాలం నాటి నగరానికి అదే నడిబొడ్డు అనీ, జపాన్ దారులన్నీ అక్కడి వంతెన దగ్గరే మొదలవుతాయనీ చదివి వెళ్లాను. తీరా చూస్తే రెండు కమానుల రాతి వంతెన ఒకటి, దాని నెత్తిన ఆకాశం కనబడకుండా ఒక ఫ్లైఓవరు, కింద కదలని పచ్చటి నీరు, చుట్టూ బ్యాంకులు. ఇరవై నిమిషాల్లో చూడవలసింది అయిపోయింది. మిగిలిన సమయం ఏం చెయ్యాలో తోచక కాఫీ తాగి తిరిగి వచ్చాను.

అక్టోబరు మూడో వారంలో అమ్మానాన్నలను తీసుకుని మళ్లీ వెళుతున్నాను. అమ్మకు మోకాళ్ల నొప్పులు ఉన్నాయి, పైగా గుడ్డు కూడా ముట్టని శాకాహారి. నాన్న చరిత్ర మాస్టారుగా పనిచేసి రిటైరయ్యారు, ఆయన రాసుకున్న జాబితాలో మొదటి పేరు నిహోంబషి. ఆ పూట కూడా గుడి ఉన్న అసకుస పేటకే ఇచ్చేసి, నిహోంబషి ఎత్తేస్తే ఏమైనా నష్టమా? నేను చూడకుండా వదిలేసినది ఏమైనా ఉందా?

నిషికసాయ్_వాసి
ఎత్తేయకండి. అసకుస నుంచి గింజా లైను మెట్రోలో పావుగంట ప్రయాణమే కాబట్టి రెండూ ఒకే రోజు చూడవచ్చు. మేముండే నిషికసాయ్ నుంచి కూడా తోజాయ్ లైనులో బండి మారకుండా వెళ్లిపోవచ్చు, అందుకే మా ఇంటికి వచ్చిన బంధువులను మొదట అక్కడికే తిప్పుతాను. మీరు వంతెన దగ్గర మొదలుపెట్టి వంతెన దగ్గరే ఆగిపోయారు. నిహోంబషి అన్నది వంతెన పేరే కాదు, ఆ పేట మొత్తానికి పేరు. మన బేగంబజారులాగా అది వ్యాపారుల పేట. అక్కడ పాతదనం గోడల్లో కంటే గల్లాపెట్టెల్లో ఎక్కువ కనబడుతుంది.

మంజీర
నేను గోదారిగట్టు గారి పక్షమే. పెద్దవాళ్లను తీసుకువెళ్లి, ఇక్కడ ఒకప్పుడు చేపల బజారు ఉండేది, అక్కడ ఒకప్పుడు నాణేల టంకశాల ఉండేది అని చెబుతూ ఆఫీసు భవనాలు చూపిస్తే ఎవరికి ఆనందం? అసకుసలో గుడి ఉంది, జనం ఉన్నారు, కంటికి ఇంపుగా ఉంటుంది. 1923 భూకంపంలోనూ 1945 బాంబు దాడుల్లోనూ కాలిపోయిన ఊరిని ఊహించుకుని చూడడం అందరి వల్లా కాదు.

ఓరుగల్లు68
గోదారిగట్టు గారు కనీసం సరైన ఊరికి వెళ్లారు. నేను మొదటిసారి హోటలు ఒసాకాలో తీసుకున్నాను, ఎందుకంటే అక్కడా అవే అక్షరాలతో రాసే పేట ఒకటి ఉంది. దాన్ని నిప్పోంబషి అని పలుకుతారట. రాత అదే, పలుకు వేరు, మధ్య దూరం అయిదు వందల కిలోమీటర్ల పైచిలుకు. షోగన్ కాలపు వంతెన కోసం వెతుకుతూ ఎలక్ట్రానిక్ సామాన్ల వీధిలో తేలాను.

చరిత్రపిచ్చి
ఓరుగల్లు68 గారి దూరం దాదాపు సరిపోయింది. వంతెన వాయవ్య మూలలో ఉన్న ఫలకం మీద ఒసాకా 550 కిలోమీటర్లు, క్యోటో 503, సప్పొరో 1156 అని చెక్కి ఉంది. ఈ దూరాలు కొలవడం మొదలయ్యే అసలైన సున్నా కిలోమీటరు గుర్తు నడిరోడ్డు మీద, వంతెనకు సరిగ్గా మధ్యలో పరిచిన కంచు బిళ్ల. దాని మీదుగా కార్లు పోతూ ఉంటాయి కాబట్టి దిగి చూడడానికి వీలుండదు, అందుకే దాని నకలును మూలన పెట్టారు. గోదారిగట్టు గారు ఈ మూలకు వెళ్లి ఉండరని నా అనుమానం.

వంతెనను 1603లో తొకుగావ ఇఎయసు కట్టించాడు, మరుసటి ఏడాది నుంచి అయిదు రాజమార్గాలకు అది మొదటి అడుగు అయింది. ఆ చెక్క వంతెన ఎన్నోసార్లు కాలిపోయింది, ప్రతిసారీ తిరిగి కట్టారు. ఇప్పుడున్న రాతి వంతెన 1911 నాటిది. స్తంభాల మీది పేరును చేతిరాతతో రాసి ఇచ్చినవాడు తొకుగావ యొషినొబు, అంటే ఆ వంశపు చివరి షోగన్. మొదటివాడు కట్టించిన వంతెనకు, రాజ్యం పోయిన నలభై ఏళ్లకు చివరివాడు పేరు రాశాడు. మీ నాన్నగారికి ఈ ఒక్క సంగతి చెప్పి ఆ అక్షరాల ముందు నిలబెట్టండి, మిగతాది ఆయనే చూసుకుంటారు.

గోదారిగట్టు
మీ అనుమానం నిజమే, ఆ మూలకు వెళ్లలేదు. రెక్కలున్న జంతువుల బొమ్మలను ఫొటో తీసుకుని వచ్చేశాను. అవి డ్రాగన్లు కదా?

చరిత్రపిచ్చి
కావు, అవి కిరిన్‌లు. చైనా నుంచి వచ్చిన పురాణ జంతువు అది, మామూలుగా దానికి రెక్కలు ఉండవు. దారులన్నీ బయలుదేరే చోటు కాబట్టి ఇక్కడి నుంచి దేశమంతటికీ ఎగిరి వెళ్లాలన్న భావంతో రెక్కలు పెట్టారని చెబుతారు.

మంజీర
ఎగరడానికి రెక్కలు పెట్టి, ఎగరకుండా నెత్తి మీద ఫ్లైఓవరు వేశారు.

వంతెనల_ఇంజనీరు
మంజీర గారి మాటకు నవ్వు వచ్చింది గానీ, ఆ ఫ్లైఓవరు కథ కూడా తెలుసుకోదగినదే. 1964 ఒలింపిక్స్ ముంచుకొస్తున్న రోజుల్లో భూసేకరణకు వ్యవధి లేక, ఎవరి స్థలమూ కాని నదుల మీదుగా స్తంభాలు వేసుకుంటూ పోయారు. ఈ ముక్క 1963 డిసెంబరులో తెరుచుకుంది. ఇప్పుడు సుమారు 1.8 కిలోమీటర్ల భాగాన్ని మార్చి, చాలా మటుకు సొరంగంలోకి దించుతున్నారు. 2021లో దగ్గరి ర్యాంపులు రెండు మూసివేశారు, సొరంగాన్ని 2035లో తెరిచి, పాత కట్టడాన్ని 2040 నాటికి తొలగించాలన్నది ప్రణాళిక. మనవాళ్లు ఊళ్లో ఫ్లైఓవరు పడితే మురిసిపోతారు, వాళ్లు ఉన్నదాన్ని విప్పడానికి ఇరవై ఏళ్లు పెట్టుకున్నారు.

నా వృత్తి వల్ల వచ్చిన పక్షపాతం అనుకోండి, నాకు ఆ రెండు వంతెనలూ కలిసి కనబడడమే నచ్చింది. 1911 రాతిని, 1963 ఇనుమును ఒకే చూపులో చూసే అవకాశం ఇంకొన్నేళ్లే ఉంటుంది.

రైలుబండి
నచ్చడం వేరే సంగతి, నీడ వేరే సంగతి. మధ్యాహ్నం కూడా అక్కడ సాయంత్రంలా ఉంటుంది. వంతెన పక్కనే ఉన్న రేవు నుంచి పడవ ఎక్కితే మాత్రం అభిప్రాయం కొంత మారుతుంది, ఎందుకంటే కమానుల అడుగు భాగం, రాతి అతుకులు నీటి మీద నుంచే సరిగ్గా కనబడతాయి. పైకప్పు లేని పడవలు కాబట్టి వాన రోజు వద్దు.

నిషికసాయ్_వాసి
గోదారిగట్టు గారూ, దారి చెబుతాను, ఈసారి వంతెనను చివరికి పెట్టుకోండి. మిత్సుకోషిమాయె స్టేషనులో దిగండి. పైకి రాకముందే, భూగర్భంలోని నడవా గోడ మీద పొడుగాటి చిత్రపటం ఒకటి కనబడుతుంది. దాని పేరు 'కిదాయ్ షోరాన్'. 1805 ప్రాంతంలో ఈ వీధి ఎలా ఉండేదో ఇంటింటికీ గీసిన చుట్టకు అది నకలు, అసలు బెర్లిన్‌లోని మ్యూజియంలో ఉంది. 88 దుకాణాలు, 1671 మంది మనుషులు, ఇరవై కుక్కలు, ఒకే ఒక కోతి ఉన్నాయని లెక్కపెట్టినవాళ్లు చెబుతారు. ఎండ లేదు, వాన లేదు, టికెట్టు లేదు. ముందు దాన్ని చూసి పైకి వస్తే, మంజీర గారు చెప్పిన ఊహించుకునే బాధ సగం తగ్గుతుంది. ఏ వీధిని గీశారో ఆ వీధిలోకే మీరు మెట్లెక్కి వస్తారు.

కాకినాడ_కాజా
ఆ ఒక్క కోతి కోసం మా పిల్లలు అరగంట వెతికారు. రైలు దిగి ఆఫీసుకు పోయేవాళ్లు మమ్మల్ని తప్పుకుని నడిచారు.

చరిత్రపిచ్చి
స్టేషను పేరులోనే ఒక కథ ఉంది. 'మిత్సుకోషిమాయె' అంటే 'మిత్సుకోషి ముందు' అని అర్థం. ఆ దుకాణంవారే ఖర్చు భరించి 1932లో తమ గుమ్మం ముందు స్టేషను వచ్చేలా చేసుకున్నారు. దుకాణం మాత్రం అంతకంటే చాలా పాతది. మిత్సుయి తకతొషి 1673లో ఎచిగోయ అన్న పేరుతో పెట్టిన బట్టల కొట్టు అది. అప్పటిదాకా పట్టుబట్టల వ్యాపారం అంటే ప్రభువుల ఇళ్లకు థాన్లు మోసుకువెళ్లి చూపించడం, మనిషిని బట్టి ధర చెప్పడం, ఏడాదికి రెండుసార్లు బాకీలు వసూలు చేసుకోవడం. బాకీ మునిగే ప్రమాదాన్ని కూడా ధరలోనే కలిపేవారు. ఎచిగోయ ఆ పద్ధతిని తిరగేసింది. రొక్కం ఇవ్వాలి, అందరికీ ఒకే ధర, బేరం లేదు, ఎంత ముక్క కావాలంటే అంతే కోసి ఇస్తారు. వాన పడితే తమ గుర్తు వేసిన గొడుగులు అరువిచ్చేవారు, తడిసిన ఊళ్లో ఆ గొడుగులే ప్రకటనలు. మన బట్టల కొట్లలో 'ఒకే ధర' బోర్డు చూసి బేరం మొదలుపెట్టే అలవాటు ఉన్న నాకు, ఆ గుమ్మం దగ్గర కాసేపు నిలబడాలనిపించింది.

మంజీర
ఇది బాగుంది, ఒప్పుకుంటాను. కానీ లోపల ఉన్నది మామూలు డిపార్ట్‌మెంటు స్టోరే కదా? ధరలు చూసి నేను రెండు నిమిషాల్లో బయటికి వచ్చాను.

కాకినాడ_కాజా
ధరలు కాదు, గోడలు చూడాలి. లోపలి పాలరాతిలో అమ్మోనైటు అనే పురాతన సముద్రజీవుల శిలాజాలు ఉన్నాయి. నత్తగుల్లను అడ్డంగా కోసినట్టు చుట్టలు చుట్టలుగా, చేతికి అందే ఎత్తులోనే కనబడతాయి. మా చిన్నది వాటిని జంతికలు అంది. నడి హాలులో దాదాపు నాలుగంతస్తుల ఎత్తున ఒక దేవకన్య విగ్రహం ఉంది, 1960లో పెట్టారు. రంగులు మరీ ఎక్కువయ్యాయని మా వారి అభిప్రాయం, నాకు మాత్రం తిరునాళ్ల రథంలా అనిపించి నచ్చింది. వారాంతాల్లో అక్కడే 1930 నాటి పైపు ఆర్గాన్ వాయిస్తారు. గుమ్మం దగ్గరి కంచు సింహాలు 1914లో పెట్టినవి, లండన్ ట్రఫాల్గర్ స్క్వేరు సింహాల నమూనాతో చేసినవి.

మోకాళ్ల నొప్పులున్నవారికి ఇలాంటి చోటే సుఖం. కూర్చోవడానికి కుర్చీలు, శుభ్రమైన బాత్‌రూములు, లిఫ్టులు ఉంటాయి. వంతెనకు దక్షిణాన ఉన్న తకాషిమాయ భవనం 1933 నాటిది, అక్కడి పాత లిఫ్టులను తెల్లటి గ్లవుజులు వేసుకున్న ఉద్యోగినులు ఇప్పటికీ చేత్తో నడుపుతారు.

పెసరట్టు_ప్రియుడు
అసలు సంగతి ఎవరూ ఎత్తడం లేదు. అమ్మగారు ఏం తింటారు? ఆ పేటలో ఒక నూడుల్సు దుకాణంలో కూరగాయలతో చేసినది కావాలని అడిగితే, నవ్వుతూ తెచ్చి పెట్టారు. సగం తిన్నాక పులుసు చేపదని తెలిసింది. వాళ్ల తప్పూ కాదు, గిన్నెలో చేప ముక్క లేదు కదా అని వాళ్ల లెక్క.

నిషికసాయ్_వాసి
ఆ పులుసు పేరు దషి, దానికి ఆధారం కత్సుఓబుషి అనే ఎండుచేప. ఈ విషయంలో నిహోంబషి ఒక పాఠశాల. 1699లో మొదలైన నింబెన్ అనే కొట్టు అమ్మేది అదే. చేపను ఉడికించి, పొగబెట్టి, బూజు పట్టించి, ఎండబెట్టగా ఎండబెట్టగా అది కొయ్యముక్కలా అవుతుంది. తరువాత వడ్రంగి చిత్రిక పట్టినట్టు పలచగా చెక్కి నీళ్లలో వేస్తారు. రెండు చేపలు ఒకదానికొకటి తగిలితే గట్టి చెక్కలు మోగినట్టు టకటక చప్పుడు వస్తుంది. ఒకసారి అది చూస్తే జపాన్ వంటల్లో చేప కనబడకుండా ఎలా ఉంటుందో మీ అమ్మగారికి వెంటనే అర్థమవుతుంది, కూరల పులుసులోనూ సోబా అనే నూడుల్సుతో ఇచ్చే చట్నీలోనూ ఉంటుందని వేరే చెప్పనక్కర్లేదు. కాబట్టి భోజనం అడిగి తెలుసుకునే చోటు కాదు, ముందే నిర్ణయించుకుని వెళ్లే చోటు. టోక్యో స్టేషనులో గేట్ల లోపల పూర్తి శాకాహార నూడుల్సు పెట్టే దుకాణం ఉంది, లేదంటే భారతీయ భోజనశాల చూసుకోండి.

తీపి విషయంలో మాత్రం భయం తక్కువ. 1818లో మొదలైన ఎయితారో వారి కిన్‌త్సుబ అడగండి. కత్తి పిడి దగ్గరి గుండ్రటి బిళ్లను త్సుబ అంటారు, ఆ ఆకారంలో అజుకి అనే ఎర్ర గింజల ముద్దకు పలచటి గోధుమ పిండి పూత పూసి పెనం మీద కాలుస్తారు.

పెసరట్టు_ప్రియుడు
అంటే పూర్ణం బూరె నూనెలో పడకుండా తప్పించుకుందన్నమాట.

కాకినాడ_కాజా
కాస్తెల్లా కేకు జోలికి మాత్రం పోకండి, అందులో గుడ్లు ఎక్కువ.

రైలుబండి
నాన్నగారు చరిత్ర మాస్టారు అన్నారు కాబట్టి బ్యాంక్ ఆఫ్ జపాన్ భవనం వదలవద్దు. 1896 నాటిది, తత్సునో కింగో రూపకల్పన, టోక్యో స్టేషను కట్టించిన వాస్తుశిల్పి కూడా ఆయనే. పై నుంచి చూస్తే యెన్ అక్షరంలా కనబడేలా కట్టారు.

చరిత్రపిచ్చి
కనబడే మాట నిజమే గానీ, అలా కనబడాలని కట్టారన్నది నిలవదు. ఇప్పుడు యెన్‌కు రాసే నాలుగు గీతల అక్షరం సులువు చేసిన రూపం. ఆ కాలంలో అధికారికంగా రాసే అక్షరం వేరు, దానికీ ఈ భవనానికీ పోలిక లేదు. ఆ స్థలంలో అంతకుముందు షోగన్ల బంగారు నాణేల టంకశాల ఉండేది, దాన్ని కింజా అనేవారు. వెండి టంకశాల గింజా. ఆ పేరు తగిలించుకున్న వీధి ఈనాడు ఎంత ప్రసిద్ధమో అందరికీ తెలుసు, బంగారం పేరు మాత్రం ఎవరికీ గుర్తులేదు.

ఎదురుగా ఉన్న నాణేల మ్యూజియానికి టికెట్టు లేదు, సోమవారం సెలవు. బ్యాంకు లోపల చూడాలంటే ముందుగా నమోదు చేసుకోవాలి. వెళ్లేముందు పర్సులోని కొత్త పదివేల యెన్ నోటు తీసి చూసుకోండి. ముందువైపు ఉన్న షిబుసావ ఎయిచి 1873లో జపాన్ మొదటి జాతీయ బ్యాంకును స్థాపించింది ఈ పేటలోని కబుతోచోలోనే, వెనకవైపు ఉన్నది తత్సునో కట్టించిన స్టేషను.

ఓరుగల్లు68
అక్టోబరు మూడో వారం అన్నారు కదా, 19, 20 తేదీల్లో కొదెమ్మాచో దగ్గర బెత్తరా సంత జరుగుతుంది. బియ్యపు పులియబెట్టుతో ఊరేసిన ముల్లంగి అక్కడి ప్రత్యేకం. ఆ జిగురు ముల్లంగిని తాడుతో ఊపుతూ, 'అంటుకుంటుంది, అంటుకుంటుంది' అంటూ కుర్రాళ్లు ఆడవాళ్లను ఆటపట్టించేవారట, ఆ జిగురు మాటే సంతకు పేరైంది. ఈసారి నేను సరైన ఊళ్లోనే చూశాను, నమ్మండి.

మంజీర
మీరంతా కలిసి నన్ను ఓడించారు అనుకోకండి. ఇంత చదువుకుని వెళితే ఏ వీధైనా బాగుంటుంది. చదవకుండా వెళ్లినవాడికి కూడా నచ్చేదే చూడదగిన చోటు అని నా లెక్క, ఆ లెక్కలో అసకుసదే పైచేయి.

వంతెనల_ఇంజనీరు
ఆ లెక్క సరైనదే. అందుకే అసకుసలో నడవడానికి చోటుండదు.

గోదారిగట్టు
మొన్ననే తిరిగి వచ్చాం. నిషికసాయ్_వాసి గారి దారిలోనే వెళ్లాం, వంతెన చివరికే పెట్టుకున్నాం. ఇరవై నిమిషాలు చాలన్న చోట మూడున్నర గంటలు పట్టింది, అందులో గంట పైగా మిత్సుకోషిలో కూర్చునే గడిచింది. అమ్మ జంతికల గోడను చేత్తో తడిమి చూసి, ఇది రాయి కాదు, ఎవరో అతికించారు అని చివరిదాకా నమ్మలేదు. కిన్‌త్సుబ తిని, తీపి తగ్గింది, యాలకులు వెయ్యలేదు అంది, అయినా ఇంకో నాలుగు కట్టించుకుంది. నింబెన్‌లో వాసనకే బయట నిలబడిపోయింది, ఆ తరువాత ఏ దుకాణంలోనూ పులుసు వైపు చూడలేదు.

నాన్న వాయవ్య మూలన ఫలకం ముందు నిలబడి ఊళ్లూ దూరాలూ అన్నీ నోటుపుస్తకంలో ఎక్కించుకున్నారు. యొషినొబు చేతిరాత దగ్గర మాత్రం ఏమీ రాసుకోలేదు, అక్షరాల అంచు వెంట వేలితో గాలిలో రాసి చూసుకున్నారు. ఫ్లైఓవరు గురించి ఆయన ఒక్క ఫిర్యాదూ చెయ్యలేదు, చెప్పొద్దూ, వాన మొదలైతే మేము దాని కిందే నిలబడ్డాం. అందుకే పడవ కుదరలేదు.

ముల్లంగి కొన్నాం. అది హోటలు గదిలో రెండు రోజులు తన ఉనికిని చాటుకుంది. ఇండియాకు తీసుకురాలేదు, అమ్మ అక్కడే పూర్తి చేసింది.

కోతి దొరకలేదు.

కాకినాడ_కాజా
మాకూ దొరకలేదు. అరగంట వెతికారని రాశాను గానీ, దొరికిందని రాయలేదు.

నిషికసాయ్_వాసి
ఈ ఆదివారం ఎలాగూ అటు వెళుతున్నాను. దొరికితే ఎటువైపు నుంచి ఎన్నో దుకాణమో ఇక్కడే రాస్తాను.